63 ఆంప్సా, 100 ఆంప్సా? త్రీఫేజు డీబీ కొనేముందు చూడాల్సింది ఫేజుల వారీ లోడు

మీరు అడిగింది ముందు క్లుప్తంగా రాస్తున్నా, తర్వాత చదివేవాళ్లకూ అర్థం కావాలి కాబట్టి. హసన్‌పర్తి దగ్గర కింద, పైన కలిపి రెండంతస్తుల కొత్త ఇల్లు. ఒకటే త్రీఫేజు మీటరు, కాంట్రాక్ట్ లోడు, అంటే కరెంటు ఆఫీసులో రాయించుకున్న లోడు, 10 కిలోవాట్లు. ఒకటిన్నర టన్ను ఏసీలు నాలుగు, గీజర్లు మూడు, 3 హెచ్‌పీ త్రీఫేజు బోరు మోటారు, ఇండక్షన్ స్టవ్, వాషింగ్ మెషీన్. ఎలక్ట్రీషియన్ "63 ఆంప్స్ ఫోర్‌పోల్ వేసి 8 వే డీబీ పెట్టేద్దాం" అంటున్నాడు. డీబీ అంటే ఇంట్లోని సర్క్యూట్లన్నీ విడిపోయే స్విచ్చుల పెట్టె. హన్మకొండలో షాపాయన "100 ఆంప్స్‌ది తీసుకోండి, రేపు ఇంకో రెండు ఏసీలు పెట్టుకున్నా ఢోకా లేదు" అన్నాడు. ఏది తీసుకోవాలన్నది మీ ప్రశ్న.

రెండూ వద్దు. మీకు మెయిన్ 40 ఆంప్స్ చాలు. డీబీ మాత్రం ఒకటి కాదు, కింద ఒకటి, పైన ఒకటి పెట్టించండి. ఎందుకో చెప్తాను.

అసలు షాపాయన చెప్పిన 100, ఎలక్ట్రీషియన్ చెప్పిన 63 ఒకే వస్తువు గురించి కావు. మార్కెట్లో దొరికే టీపీఎన్ (మూడు ఫేజులు, న్యూట్రల్) డీబీ పెట్టెల్లో లోపలి బస్‌బార్, అంటే కరెంటు పంచే లోహపు పట్టీ, మామూలుగా 100 ఆంప్స్‌కే చేసి ఉంటుంది. అది ఆ పట్టీ మోయగలిగిన కరెంటు, అంతే. మీ ఇంట్లోకి ఎంత కరెంటు రానివ్వాలో తేల్చేది ఇన్‌కమర్, అంటే లైను మొదట వచ్చి తగిలే ఫోర్‌పోల్ ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే మూడు ఫేజులనూ న్యూట్రల్‌నూ కలిపి తెంచి, తానే పడిపోయే స్విచ్). పెట్టె మీద 100 అని ఉంటే భయం లేదు, లాభమూ లేదు. ఇన్‌కమర్ మీద ఏ అంకె ఉందన్నదే అసలు సంగతి.

ఆ అంకె పెద్దదైతే మంచిదని చాలామంది అనుకుంటారు, మాటిమాటికీ పడిపోదు కదా అని. కానీ ఎంసీబీ ఉన్నది ఏసీని కాపాడడానికి కాదు, గోడలో ఉన్న వైరును కాపాడడానికి. ఐఎస్/ఐఈసీ 60898 ప్రమాణం ప్రకారం ఎంసీబీ తన మీద రాసిన అంకెకు 1.13 రెట్ల కరెంటు వచ్చినా గంటసేపు పడకూడదు. 1.45 రెట్లు వస్తే గంటలోపు పడాలి. అంటే 63 ఆంప్స్ ఎంసీబీ 71 ఆంప్స్ దాకా కదలదు, 91 ఆంప్స్ వచ్చినా గంట దాకా ఓర్చుకోవచ్చు. మీ ఎలక్ట్రీషియన్ మీటరు నుంచి లాగుతానన్నది 10 స్క్వేర్ ఎంఎం రాగి వైరు. పైపులో వేసిన పీవీసీ వైరు, మూడు ఫేజులూ లోడు మీద ఉంటే, 30 డిగ్రీల దగ్గర మోసేది 50 ఆంప్స్. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు మామూలే, అప్పుడు అదే వైరు 43కు దిగుతుంది. 43 మోసే వైరుకు 63 కాపలా పెడితే ముందు కాలేది వైరు, ఎంసీబీ చూస్తూ ఉంటుంది. 63 తప్పనిసరి అనుకుంటే 16 స్క్వేర్ ఎంఎం కూడా మన ఎండలకు సరిపోదు. 25కు వెళ్లాలి. అంత ఖర్చు పెట్టేంత లోడు మీకు ఉందా? ఆ లెక్క చూద్దాం.

ఏసీ ఒక్కొక్కటి 1.6 కిలోవాట్లు అనుకుంటే నాలుగూ 6.4. గీజర్లు మూడూ 6. మోటారు 3 హెచ్‌పీ అంటే షాఫ్టు దగ్గర 2.2 కిలోవాట్లు, నష్టాలు కలుపుకుంటే లైను నుంచి లాగేది 3 దాకా. ఇండక్షన్ 2, నీళ్లు వేడిచేసే వాషింగ్ మెషీన్ అయితే 2, ఇస్త్రీ పెట్టె 1, లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్, టీవీ అన్నీ కలిపి రెండున్నర వేసుకోండి. మొత్తం 23 కిలోవాట్లు. త్రీఫేజులో లోడు సమంగా పంచితే కిలోవాట్‌కు ఫేజుకు ఒకటిన్నర ఆంప్ అని గుర్తుపెట్టుకోండి, 415 వోల్టుల దగ్గర పవర్ ఫ్యాక్టర్ 0.9 వేసుకుంటే వచ్చేది ఇదే. ఇంట్లో ఉన్నవన్నీ ఒకేసారి ఆన్ చేసినా ఫేజుకు 35 ఆంప్స్. అన్నీ ఒకేసారి ఎప్పుడూ నడవవు కూడా. గీజర్లు నడిచే డిసెంబరులో ఏసీలు నడవవు, ఏసీలు నడిచే మే నెలలో గీజరు జోలికి ఎవరూ పోరు. మామూలు రోజుల్లో ఒకే సమయంలో పడే లోడు 12 నుంచి 14 కిలోవాట్లు.

కానీ ఈ లెక్క అంతా "సమంగా పంచితే" అన్న మాట మీద నిలబడి ఉంది. ఆ పంచడం దగ్గరే పని చెడుతుంది. పైపు ఎటు దగ్గరైతే అటు వైరు లాగి, ఏ ఫేజు చేతికి అందితే ఆ ఫేజుకు కలిపేస్తే ముగ్గురు మోయాల్సిన బరువు ఒక్కడి నెత్తిన పడుతుంది. మిగతా రెండు ఫేజులు ఖాళీగా ఉండగానే మెయిన్ పడిపోతుంది. అప్పుడు ఎవరో వచ్చి "మెయిన్ చిన్నదైంది సార్, 63 వేద్దాం" అంటారు.

సింగిల్ ఫేజు లోడుకు కిలోవాట్‌కు నాలుగుంపావు ఆంప్స్. ఏసీకి 7, గీజరుకు 8.5, ఇండక్షన్‌కు 8.5. మూడు ఫేజులను ఆర్, వై, బీ అంటారు, మీ ఇంటికి నేనైతే వాటి మీద ఇలా పంచుతాను. ఆర్ ఫేజు మీద కింద పడకగది ఏసీ, వంటగది మొత్తం, పైన ఒక గీజరు. వై ఫేజు మీద హాలు ఏసీ, వాషింగ్ మెషీన్, కింది గీజరు, కింది లైట్లు. బీ ఫేజు మీద పైన రెండు ఏసీలు, పైన రెండో గీజరు, ఇస్త్రీ పెట్టె సాకెట్, పై లైట్లు. మోటారు మూడింటి మీదా తలా 5 ఆంప్స్. మే నెల సాయంత్రం ఏసీలన్నీ ఆన్, వంట అవుతోంది, బట్టలు ఉతుకుతున్నారు, మోటారు నడుస్తోంది అనుకోండి. ఆర్ మీద 7, ఇండక్షన్ 8.5, ఫ్రిజ్, మిక్సీ 2, మోటారు 5, మొత్తం 22.5. వై మీద 7, 8.5, లైట్లు, ఫ్యాన్లు 3, మోటారు 5, మొత్తం 23.5. బీ మీద ఏసీలు 14, ఇస్త్రీ 4, లైట్లు 3, మోటారు 5, మొత్తం 26. ఎవరైనా మరిచిపోయి పైన గీజరు వేసినా బీ 34.5కు చేరుతుంది, 40 దాటదు. 10 స్క్వేర్ ఎంఎం వైరుకు 40 ఎంసీబీ సరైన జోడీ, మీ లోడుకూ చాలు.

ఈ పంపకాన్ని కాగితం మీద రాసి ఎలక్ట్రీషియన్ చేతికి ఇవ్వండి. పని అయ్యాక అదే కాగితం డీబీ తలుపు లోపలి వైపు అంటించమనండి. రెండేళ్ల తర్వాత ఐదో ఏసీ పెట్టేవాడికి అదే దిక్కు.

ఇప్పుడు "వే"ల సంగతి. 8 వే టీపీఎన్ అంటే 8 ఎంసీబీలు కాదు, ఫేజుకు 8 చొప్పున 24 సింగిల్‌పోల్ ఎంసీబీలు. పెట్టె మీద 8+24 అని ఉంటుంది, ముందున్న ఆ 8 ఖానాలు ఫోర్‌పోల్ ఎంసీబీకి, ఫోర్‌పోల్ ఆర్‌సీసీబీకి (కరెంటు ఎర్త్‌లోకి కారితే తెంచేసే స్విచ్). అలాగే 4 వే అంటే 8+12, 6 వే అంటే 8+18. మీ ఇంట్లో కింద 11, పైన 7 సర్క్యూట్లు వస్తాయి, ఏసీకి, గీజరుకు దేనికది విడిగా. మోటారుకు మూడు పోల్స్ కలిపితే 21. 8 వేలో ఇమిడిపోతుంది, మిగిలేవి మూడే. ఎలక్ట్రీషియన్ లెక్క ఇక్కడ తప్పు కాదు. అయినా నేను ఆ దారి వద్దంటాను, దానికి కారణం ఆర్‌సీసీబీ.

ఇంటికంతటికీ కలిపి ఒకే ఫోర్‌పోల్ 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ పెడితే ఏం జరుగుతుందో వర్షాకాలంలో తెలుస్తుంది. 30 అని రాసి ఉన్నా ప్రమాణం ప్రకారం అది 15 నుంచి 30 మధ్య ఎక్కడైనా పడొచ్చు. నాలుగు ఏసీలు, కంప్యూటర్లు, వాషింగ్ మెషీన్, అన్నింటిలోనూ ఏ లోపం లేకపోయినా కొంచెం కొంచెం లీకేజీ ఉంటుంది. దాని మీద గేటు లైటులోకి ఇంత తడి చేరితే అర్ధరాత్రి ఇల్లంతా చీకటి. రెండుసార్లు అలా అయ్యాక చాలా ఇళ్లలో చేసేది ఒకటే, ఆర్‌సీసీబీని పక్కకు తప్పించి డైరెక్ట్ కలిపేస్తారు. అంతకంటే పెద్ద ప్రమాదం లేదు.

ఎంత ప్రమాదమో ఒక లెక్క చూడండి. హన్మకొండ చుట్టూ రాతి నేల, గుంత తవ్వితే కొద్ది లోతుకే బండ తగిలే చోట్లు చాలా ఉన్నాయి. ఎర్తింగ్ గుంత మంచిగా చేసినా రెసిస్టెన్స్ 10 ఓములు వచ్చిందనుకోండి. గీజరు కాయిల్ లోపల తెగి ఫేజు బాడీకి తగిలితే 240 వోల్టులు, 10 ఓములు, ఎర్త్‌లోకి పోయేది 24 ఆంప్స్. గీజరుకు ఉన్నది సీ కర్వ్ 16 ఆంప్స్ ఎంసీబీ. సీ కర్వ్ అంటే వెంటనే పడడానికి రాసిన అంకెకు 5 నుంచి 10 రెట్లు, అంటే 80 నుంచి 160 ఆంప్స్ కావాలి. 24 ఆంప్స్‌కు అది నిమిషాల తరబడి ఆలోచిస్తూ ఉంటుంది, గంట దాకా కూడా పట్టొచ్చు. అంతసేపూ గీజరు, దానికి తగిలి ఉన్న కుళాయి కరెంటు మీదే ఉంటాయి. అదే ఆర్‌సీసీబీ ఉంటే 24 ఆంప్స్ కాదు, అందులో దాదాపు వెయ్యో వంతుకే కన్నుమూసి తెరిచేలోపు తెంచేస్తుంది. అందుకే ఆర్‌సీసీబీ ఉండి తీరాలి, ఊరికే పడిపోకుండానూ ఉండాలి.

దీనికి దారి ఫేజువారీ డీబీ. షాపులో పీపీఐ డీబీ అని అడగండి, పర్ ఫేజ్ ఐసోలేషన్ అంటే అర్థమవుతుంది. అందులో ఒక్కో ఫేజుకు ఒక్కో టూపోల్ (ఒక ఫేజు, న్యూట్రల్) ఆర్‌సీసీబీ, దేనికి దానికి విడిగా న్యూట్రల్ లింకు ఉంటాయి. గేటు లైటు తడిస్తే ఆ ఒక్క ఫేజే పోతుంది, మిగతా ఇల్లు వెలుగుతూనే ఉంటుంది. పైగా తప్పు ఎక్కడుందో సగం అక్కడే తెలిసిపోతుంది.

అయితే ఒక మెలిక ఉంది. త్రీఫేజు మోటారును ఆ టూపోల్ ఆర్‌సీసీబీల తర్వాత కలపలేరు. ఒక ఫేజులో వెళ్లిన కరెంటు మిగతా రెండు ఫేజుల్లోంచి తిరిగి వస్తుంది కాబట్టి ఏ ఆర్‌సీసీబీకీ లెక్క కుదరదు, స్టార్టర్ నొక్కగానే మూడూ పడతాయి. మోటారును వీటికి ముందే విడదీయాలి. అందుకని మీ ఇంటికి నేను వేసే అమరిక ఇది. మీటరు పక్కన ఒక చిన్న పెట్టెలో ఫోర్‌పోల్ 40 ఆంప్స్ సీ కర్వ్ మెయిన్. అక్కడి నుంచి మూడు దారులు, కింది డీబీకి 32 ఆంప్స్ ఫోర్‌పోల్, పై డీబీకి 32 ఆంప్స్ ఫోర్‌పోల్, మోటారుకు విడిగా ఒకటి. అంతస్తులకు 6 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, న్యూట్రల్ కూడా అదే సైజు. కింద 6 వే పీపీఐ, పైన 4 వే పీపీఐ. కింద 18లో 11 నిండుతాయి, పైన 12లో 7. రేపు బ్యాటరీ స్కూటర్ చార్జింగ్ పెట్టుకున్నా, పీఎం సూర్యఘర్ కింద సోలార్ పెట్టించుకున్నా గోడ పగలగొట్టే పని ఉండదు. షార్ట్ సర్క్యూట్ అయినప్పుడు 32తో పాటు 40 కూడా పడొచ్చు, అది లోపం అనుకోకండి, రెండూ దగ్గర దగ్గర సైజులు.

ఆర్‌సీసీబీలు 40 ఆంప్స్, 30 మిల్లీఆంప్స్ తీసుకోండి. ఆర్‌సీసీబీకి ఓవర్‌లోడు తెలియదు, దాని ముందున్న ఎంసీబీయే దాన్ని కాపాడాలి. కాబట్టి 32 ఎంసీబీ వెనక 40 ఆర్‌సీసీబీ ఉంటే నిశ్చింత. ఇన్వర్టర్ ఏసీలు, ఇండక్షన్ ఉన్న ఇల్లు కాబట్టి ఏ టైప్ అడగండి. షాపుల్లో మామూలుగా చేతికి ఇచ్చేది ఏసీ టైప్, పేరులో ఏసీ ఉందని ఏసీలకు అనుకునేరు. దాని మీద అల ఆకారంలో ఒకే గీత ఉంటుంది. ఏ టైప్ మీద ఆ అల కింద సగం సగం అలలు ఇంకో వరుస ఉంటాయి. ఇన్వర్టర్ ఏసీ లోపలి ఎలక్ట్రానిక్స్‌లో లోపం వచ్చి కారే కరెంటును ఏసీ టైప్ గుర్తించకపోవచ్చు.

మోటారు ఎంసీబీ గురించి ఎక్కువ చెప్పను. నడిచేటప్పుడు 5 ఆంప్స్, స్టార్టింగ్‌లో ఆరు రెట్లు అనుకున్నా 30. సీ కర్వ్ 10 ఆంప్స్ ఎంసీబీ 50 దాకా వెంటనే పడదు, సరిపోతుంది. దానికీ ఆర్‌సీసీబీ కావాలి, త్రీఫేజుది విడిగా ఒకటి. కానీ కాయిల్ కాలకుండా చూసేది ఎంసీబీ కాదు, స్టార్టర్‌లోని ఓవర్‌లోడు రిలే, సింగిల్ ఫేజ్ ప్రివెంటర్. ఒక ఫేజు పోయి రెండింటి మీద మోటారు మూలుగుతుంటే ఏమవుతుందో ఊళ్లో వ్యవసాయం ఉన్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

ఇక నన్ను అడిగితే త్రీఫేజు ఇంట్లో అన్నింటికంటే ఎక్కువ నష్టం చేసేది న్యూట్రల్. ఫేజు పోతే ఆ ఫేజు మీద ఉన్నవి ఆగిపోతాయి, అంతే. న్యూట్రల్ ఊడితే ఆర్ ఫేజు మీది వస్తువులు, బీ ఫేజు మీది వస్తువులు ఒకదాని వెనక ఒకటిగా 415 వోల్టుల మధ్య నిలబడతాయి. ఆర్ మీద ఏసీ నడుస్తూ, బీ మీద టీవీ, నాలుగు ఎల్ఈడీ బల్బులే ఉంటే, తక్కువ లోడు ఉన్న బీ వైపు వోల్టేజీ 400 దగ్గరికి ఎగబాకుతుంది. టీవీ, సెట్‌టాప్ బాక్సు, ఫ్రిజ్ బోర్డు అన్నీ ఒకేసారి పోతాయి, ఎంసీబీ మాత్రం పడదు, ఎందుకంటే దానికి తెలిసింది కరెంటే, వోల్టేజీ కాదు. స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు మీద కోతులు ఊగే కాలనీల్లో ఇది ఊహ కాదు. న్యూట్రల్‌కు విడిగా ఫ్యూజు ఎక్కడా ఉండకూడదు. పాత అలవాటుతో కిట్‌క్యాట్ పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. సర్వీసు వైరు అల్యూమినియం, మీ వైరు రాగి, రెండూ కలిసేచోట బైమెటల్ లగ్గు వేసి క్రింప్ చేయాలి, మెలిపెట్టి టేపు చుట్టడం కాదు. మెయిన్ తర్వాత ఓవర్, అండర్ వోల్టేజీ ప్రొటెక్టర్ ఒకటి పెట్టించండి. 100 ఆంప్స్ పెట్టె మీద పెట్టే డబ్బు దీని మీద పెట్టండి.

ఇన్వర్టర్ పెడతారు కాబట్టి ఇంకో మాట. ఇన్వర్టర్ మీద నడిచే లైట్లు, ఫ్యాన్ల న్యూట్రల్ అంతా ఇన్వర్టర్‌కు లైను వెళ్లిన ఆర్‌సీసీబీ కింది న్యూట్రల్ లింకుకే రావాలి. పైన ఇన్వర్టర్ పాయింట్లు ఉంటే వాటి న్యూట్రల్ కోసం కింది డీబీ నుంచి విడిగా ఒక వైరు పైకి లాగాలి. పై డీబీలోని న్యూట్రల్‌కు కలిపితే ఫ్యాన్ వేయగానే ఆర్‌సీసీబీ పడుతుంది, ఎలక్ట్రీషియన్ ఆర్‌సీసీబీ చెడిపోయిందంటాడు. ప్లాస్టరింగ్‌కు ముందే చెప్పాల్సిన విషయం ఇది.

సర్క్యూట్ల సైజులు: లైట్లకు 1.5 స్క్వేర్ ఎంఎం, 10 ఆంప్స్. పవర్ సాకెట్లు, గీజర్లకు 2.5, 16 ఆంప్స్. ఏసీలకు, ఇండక్షన్‌కు 4, 20 ఆంప్స్. ఒకే పైపులో మూడు నాలుగు సర్క్యూట్లు దూర్చితే వైరు మోసే శక్తి మూడో వంతు తగ్గుతుంది. ఇంతకంటే పెద్ద ఎంసీబీ వేయనివ్వకండి.

షాపులో ఎంసీబీ చేతిలోకి తీసుకుని ముఖం చదవండి. సీ40 అంటే సీ కర్వ్, 40 ఆంప్స్. కింద చిన్న డబ్బాలో 10000 అని ఉంటే షార్ట్ సర్క్యూట్ అయినప్పుడు 10 వేల ఆంప్స్ దాకా తెంచగలదని అర్థం. దాని దగ్గరే ఇంకో చిన్న డబ్బాలో 3 అని ఉండాలి, షార్ట్ సర్క్యూట్‌లో వైరులోకి పోయే శక్తిని ఎంత అదుపు చేస్తుందో చెప్పే తరగతి అది. ఐఎస్ఐ గుర్తు లేకపోతే, ఎంత తక్కువకు ఇచ్చినా తిరిగి ఇచ్చేయండి. అన్నీ ఒకే కంపెనీవి తీసుకోండి, బస్‌బార్ పళ్లు సరిగ్గా కూర్చుంటాయి.

పెట్టె స్థలం కూడా చూసుకోండి. ఎంసీబీ అంకె 30 డిగ్రీల దగ్గర లెక్క. పడమటి ఎండ కొట్టే గోడలో, మూసిన పెట్టెలో 50 డిగ్రీలు ఉంటే 40ది సుమారు 36 దగ్గరే పడొచ్చు. లోపలి గోడకు పెట్టండి. పల్లపు చోటైతే ఎత్తు కూడా ముఖ్యం. 2020 ఆగస్టులో, 2023 జూలైలో నయీంనగర్ నాలా పొంగినప్పుడు ఇళ్లలోకి నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో హన్మకొండ వాళ్లకు గుర్తుండే ఉంటుంది. మీటరు పక్కన పెట్టెను కనీసం ఛాతీ ఎత్తులో పెట్టించండి.

పని అయ్యాక డబ్బులిచ్చే ముందు టాంగ్ టెస్టర్ (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే పరికరం) తెప్పించి, ఏసీలన్నీ ఆన్ చేసి మూడు ఫేజుల్లోనూ, న్యూట్రల్‌లోనూ కరెంటు మీ ఎదురుగా కొలిపించండి. ప్రతి ఆర్‌సీసీబీ మీద టీ (టెస్ట్) బటన్ నొక్కి చూడండి. గంటసేపు లోడు నడిచాక ఏ స్క్రూ దగ్గరైనా వేడి అనిపిస్తే ఆపి బిగించమనండి.

కాంట్రాక్ట్ లోడు సంగతి మిగిలింది. మీకు 12 నుంచి 14 కిలోవాట్లు పడేలా ఉంది, తీసుకున్నది 10. బిల్లు మీద ఆర్ఎండీ అని వచ్చే అంకె అదే, నెలలో మీరు వాడిన గరిష్ఠ లోడు. ఈ వేసవిలో మే, జూన్ బిల్లులు చూడండి. అది 10 దాటుతుంటే నోటీసు వచ్చేదాకా ఆగకుండా మీరే అదనపు లోడుకు దరఖాస్తు పెట్టుకోండి. 15కు పెంచుకున్నా ఈ 40 ఆంప్స్ మెయిన్ మార్చాల్సిన పని లేదు. మీటరు నుంచి డీబీ దాకా వైరు దారి ఎంత దూరమో మీరు రాయలేదు. యాభై అరవై మీటర్లు దాటేలా ఉంటే చెప్పండి, అప్పుడు 10 బదులు 16 స్క్వేర్ ఎంఎం వేయాలేమో చూద్దాం.